వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్లు కాదు

పత్రికల్లో ఇలాంటి వార్త మీరు చదివే ఉంటారు. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి ఒకరు దిగారు, పైకి రాలేదు. ఏమైందో చూద్దామని రెండో మనిషి దిగాడు. ఆ ఇద్దరినీ కాపాడాలని మూడో మనిషి దిగాడు. చాలాసార్లు వీళ్లు అన్నదమ్ములో, తండ్రీకొడుకులో, ఒకే వీధివాళ్లో అయి ఉంటారు. "ఊపిరాడక మృతి" అని వార్త ముగుస్తుంది. ఊపిరి ఎందుకు ఆడలేదో మాత్రం అందులో ఉండదు.

ఇలాంటి మరణాలకు ఒక ముఖ్య కారణం హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. పనిచేసేచోట గాలిలో ఈ వాయువు ఎంతవరకు ఉండవచ్చు, ఎంత దాటితే మనిషి అక్కడ ఉండకూడదు అనేదానికి లెక్కలు ఉన్నాయి. వాటినే "పరిమితులు" అంటారు. ఆ లెక్కలు ఆఫీసు ఫైళ్లలో ఉంటాయి గాని, ట్యాంకులోకి దిగే మనిషి దాకా రావు. అందుకే వాటిని ఇక్కడ వివరంగా చెబుతున్నాం. మీరు కూలీ అయినా, మేస్త్రీ అయినా, ఇంటి యజమాని అయినా ఇది మీకు సంబంధించిన విషయమే.

ఈ వాయువు ఎక్కడ పుడుతుంది?

మలం, మురుగు, కుళ్లిన మాంసం, చేపలు, ఆకులు గాలి తగలని చోట నిలవ ఉన్నప్పుడు, ప్రాణవాయువు లేకుండా బ్రతికే సూక్ష్మక్రిములు వాటిలోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కాబట్టి సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్లలో, పేడ గుంతల్లో, చేపలు, రొయ్యల వ్యర్థాలు వేసే తొట్లలో ఇది తయారవుతుంది. ఫ్యాక్టరీల్లో వాడేసిన నీటిని నిలవ చేసే ట్యాంకుల్లోనూ పుడుతుంది. తోళ్ల పరిశ్రమలో వెంట్రుకలు తీయడానికి సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీటిలో యాసిడ్ కలిస్తే ఈ వాయువు ఒక్కసారిగా బయటికి వస్తుంది. రసాయన, మందుల ఫ్యాక్టరీల్లో ఒక ట్యాంకు నీటిని మరో ట్యాంకులోకి వదిలినప్పుడు కూడా ఇలా జరగవచ్చు. బాగా నిలవ ఉన్న మురుగులో మరుగుదొడ్లు కడిగే యాసిడ్ కుమ్మరించడం ఇందుకే మంచిది కాదు.

ఇది గాలి కంటే దాదాపు 1.2 రెట్లు బరువైనది. అందుచేత గుంత అడుగున, తొట్టి మూలల్లో పేరుకుని కూర్చుంటుంది. పైన మూత దగ్గర నిలబడినవారికి ఏమీ తెలియకపోవచ్చు. మురుగును కదపనంతసేపు దానిలో కరిగి ఉండి, పారతోనో కర్రతోనో కలిపినప్పుడు బుడగల రూపంలో పైకి లేస్తుంది. దిగేటప్పుడు బాగానే ఉన్న చోటు పది నిమిషాల తరువాత ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే.

శరీరంలో ఏం చేస్తుంది?

మనం పీల్చిన ప్రాణవాయువును రక్తం ప్రతి కణానికి మోసుకుపోతుంది. కణంలో దానిని వాడుకుని శక్తిని తయారుచేసే పనికి సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కావాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ ఎంజైమును అడ్డగిస్తుంది. సైనైడ్ చేసేదీ ఇదే పని. కంచంలో అన్నం ఉన్నా చేతులు పడిపోయినవాడు తినలేనట్లు, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు వాడుకోలేవు. ముందుగా దెబ్బతినేది మెదడు. అందులో ఊపిరిని నడిపించే కేంద్రం ఆగిపోతే మనిషి నిలబడినచోటే కూలిపోతాడు.

తక్కువ మోతాదులో ఈ వాయువు కళ్లను, ముక్కును, గొంతును, ఊపిరితిత్తులను మండిస్తుంది. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తి వ్యాధులపై రాసిన పుస్తకంలోనే మరుగుగుంతలు శుభ్రం చేసేవారి కళ్లు ఎర్రబడి చూపు దెబ్బతినడం గురించి రాశారు. వాళ్ల జేబుల్లోని రాగి నాణేలు నల్లబడడం కూడా ఆయన గమనించారు. 300 ఏళ్ల క్రితమే ఒక వైద్యునికి కనిపించిన ప్రమాదం ఇది.

పీపీఎం అంటే ఏమిటి?

ఈ వాయువును పీపీఎంలలో కొలుస్తారు. 10 లక్షల వంతుల గాలిలో ఒక వంతు ఉంటే ఒక పీపీఎం. మీ ఇంటి మీద 1000 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. అందులో 10 లక్షల మిల్లీలీటర్లు పడతాయి. దానిలో రెండు టీ చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు కలిపితే 10 పీపీఎం. అర గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్లు కలిపితే 100 పీపీఎం. ఒక లీటరు సీసా మొత్తం పోస్తే 1000 పీపీఎం.

ఇప్పుడు ఈ కొలతల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని ఏం చేస్తుందో చూడండి.

• 0.01 నుంచి 1.5 పీపీఎం: కుళ్లిన కోడిగుడ్డు వాసన తెలియడం మొదలవుతుంది.
• 2 నుంచి 5 పీపీఎం: ఎక్కువసేపు పీలిస్తే వికారం, తలనొప్పి, కళ్ల వెంట నీరు. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం రావచ్చు.
• 20 పీపీఎం: నీరసం, తలనొప్పి, చిరాకు, తల తిరగడం.
• 50 నుంచి 100 పీపీఎం: గంటసేపటిలో కళ్ల మంట, గొంతు మంట, దగ్గు.
• 100 పీపీఎం: 2 నుంచి 15 నిమిషాల్లో ముక్కు వాసన పట్టడం మానేస్తుంది.
• 500 నుంచి 700 పీపీఎం: 5 నిమిషాల్లో తూలి పడిపోతారు. అరగంట నుంచి గంటలో ప్రాణం పోతుంది.
• 700 నుంచి 1000 పీపీఎం: ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పవచ్చు. నిమిషాల్లో మరణం.

ఈ పట్టికలో 100 పీపీఎం వరుసను మళ్లీ చదవండి. మనం నమ్ముకున్న ముక్కు సరిగ్గా ప్రమాదం పెరిగిన దగ్గరే పనిచేయడం మానేస్తుంది. అంతకు ముందు కంపు కొట్టిన చోట ఉన్నట్లుండి వాసన లేకపోతే "గ్యాసు పోయింది" అనుకుంటాం. నిజానికి వాయువు పెరిగి ముక్కు మొద్దుబారి ఉండవచ్చు. వాసన ఉంటే ప్రమాదం ఉన్నట్లే. వాసన లేకపోతే ప్రమాదం లేదని మాత్రం చెప్పలేం. అందువల్లనే పరిమితులను మీటరుతో కొలవాలి గాని ముక్కుతో కాదు.

పరిమితులు ఎన్ని రకాలు?

మొదటిది 8 గంటల సగటు పరిమితి. ఒక షిఫ్టు మొత్తంలో పీల్చిన గాలిలో సగటున ఎంత వాయువు ఉండవచ్చో ఇది చెబుతుంది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1987లో సవరణ చేసి, విష రసాయనాల పరిమితులతో రెండవ షెడ్యూలును ఏర్పాటు చేశారు. 1984 భోపాల్ ఘోరం తరువాత జరిగిన మార్పు ఇది. ఆ షెడ్యూలులో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు 8 గంటల పరిమితి 10 పీపీఎం.

రెండవది స్వల్పకాల పరిమితి. 15 నిమిషాల సగటు దీనిని దాటకూడదు. అదే షెడ్యూలులో ఇది 15 పీపీఎం. ఆ స్థాయి కూడా రోజుకు నాలుగుసార్లకు మించకూడదు, ఒకసారికీ మరోసారికీ మధ్య కనీసం గంట వ్యవధి ఉండాలి.

రెండు ఎందుకు? ఒక లెక్క చూడండి. ఒక మనిషి ఏడున్నర గంటలు శుభ్రమైన గాలిలో పనిచేసి, అరగంట మాత్రం 100 పీపీఎం ఉన్న తొట్టిలో గడిపాడనుకోండి. 8 గంటల సగటు తీస్తే 6.25 పీపీఎం మాత్రమే వస్తుంది. కాగితం మీద 10 దాటలేదు. కాని ఆ అరగంటలో అతని ముక్కు మొద్దుబారింది, ప్రాణం ప్రమాదంలో పడింది. సగటు ఒక్కటే చూస్తే ఈ అపాయం దాగిపోతుంది. అందుకే స్వల్పకాల పరిమితి కూడా ఉండాలి. "మా దగ్గర సగటు బాగానే ఉంది" అని ఎవరైనా అంటే, "అన్నిటికంటే ఎక్కువ ఎప్పుడు వచ్చింది, ఎంత వచ్చింది?" అని అడగండి.

మూడవది తక్షణ ప్రాణాపాయ స్థాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియాష్ దీనిని 100 పీపీఎంగా నిర్ణయించింది. ఇంత ఉన్నచోటికి సొంత గాలి సిలిండరుతో గాని, బయటినుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కుతో గాని తప్ప ఎవరూ వెళ్లకూడదు.

పరిమితి లోపల ఉంటే భయం లేదా?

భయపడనవసరం లేదని పూర్తిగా చెప్పలేం. పరిమితులు దేశానికొక రకంగా ఉన్నాయి. బ్రిటన్‌లో 8 గంటలకు 5 పీపీఎం, 15 నిమిషాలకు 10 పీపీఎం. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2010లో తన సిఫారసును 10 నుంచి 1 పీపీఎంకు, స్వల్పకాల పరిమితిని 15 నుంచి 5 పీపీఎంకు తగ్గించింది. మనిషి శరీరం అప్పటికప్పుడు మారిపోలేదు. శాస్త్రజ్ఞులకు తెలిసిన విషయాలు పెరిగాయి. కాబట్టి 10 పీపీఎం అనేది "ఇక్కడిదాకా హాయిగా ఉండవచ్చు" అని గీసిన గీత కాదు. దాని కంటే ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

మరో సంగతి. ఈ లెక్కలు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు రోజుకు 8 గంటలు పనిచేసి, తక్కిన సమయం మంచి గాలిలో గడుపుతారనుకుని వేసినవి. మీరు 12 గంటల షిఫ్టు చేస్తున్నా, ఉబ్బసం గాని గుండె జబ్బు గాని ఉన్నా, గర్భవతి అయినా ఈ పరిమితి మీకు చాలినంత రక్షణ ఇవ్వకపోవచ్చు. ఆ సంగతి డాక్టరుకు, సూపర్‌వైజరుకు తప్పక చెప్పండి. ఇక పిల్లలు, వృద్ధులు ఉండే ఇళ్లకు ఫ్యాక్టరీ పరిమితి అసలు వర్తించదు.

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు

చమురుతో, సహజవాయువుతో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా భూమి నుంచి వస్తుంది. అబుదాబిలోని షా క్షేత్రపు గ్యాసులో ఇది దాదాపు 23 శాతం ఉంటుంది. శాతాన్ని పీపీఎంలోకి మారిస్తే 2 లక్షల 30 వేలు! 1950 నవంబరులో మెక్సికోలోని పోజా రికాలో గ్యాసు ప్లాంటు నుంచి ఈ వాయువు అరగంట లోపే లీకై 22 మంది చనిపోయారు, 320 మంది ఆసుపత్రి పాలయ్యారు.

కడప, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో కొందరు ఇలాంటిచోట్ల పనిచేస్తున్నారు. అక్కడ చొక్కాకు తగిలించుకునే చిన్న మీటరు ఇస్తారు. సాధారణంగా 10 పీపీఎం దగ్గర ఒకసారి, 15 దగ్గర మరోసారి అలారం మోగేలా దానిని అమర్చుతారు. మోగితే పని వదిలేసి, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో ఆ దిక్కు వైపు, ఎత్తైన చోటికి వెళ్లాలి. "ఊరికే మోగుతోంది" అని ఆపి జేబులో పెట్టుకోకండి. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ ఉంటే ఫోనులో ఈ ఒక్క మాట చెప్పండి.

మనలో ఉన్న అపోహలు

దీపం దించి చూస్తే చాలు అనుకోవడం. బావిలోకో ట్యాంకులోకో దీపం దించి, అది ఆరకపోతే గాలి మంచిదని నమ్ముతారు. దీపం ఆరిపోతే ప్రాణవాయువు తక్కువగా ఉందని తెలుస్తుంది, అంతే. మనిషిని చంపే 1000 పీపీఎం అంటే గాలిలో వెయ్యో వంతు మాత్రమే. ఆ గాలిలో దీపం చక్కగా వెలుగుతుంది. పైగా అక్కడ మీథేన్ వాయువు కూడా ఉంటే దీపం వల్ల పేలుడు జరగవచ్చు.

తడి తువాలు కట్టుకుంటే చాలు అనుకోవడం. తువాలు, గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఏదీ ఈ వాయువును ఆపదు.

మందు తాగి దిగితే ఏమీ కాదనుకోవడం. మత్తు వల్ల కంపు తెలియదు, తల తిరగడం కూడా తెలియదు. పైకి రావాలన్న ఆలోచన ఆలస్యమవుతుంది.

మూత కాసేపు తీసి ఉంచితే చాలు అనుకోవడం. బరువైన వాయువు దానంతట అది పైకి పోదు. బ్లోయరుతో మంచి గాలి లోపలికి కొట్టాలి, తరువాత మీటరుతో కొలవాలి, పని జరిగినంతసేపూ కొలుస్తూనే ఉండాలి.

పిట్టగోడ ఎవరు కట్టాలి?

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మేడ మీద పిట్టగోడ కట్టాలని మోషే ధర్మశాస్త్రంలో ఒక ఆజ్ఞ ఉంది. అక్కడినుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి యజమానిదే అవుతుంది. పైకెక్కినవాణ్ణి "జాగ్రత్తగా నడువు" అంటే సరిపోదు, గోడ కట్టవలసింది యజమాని. పనిచోట పరిమితి కూడా అలాంటి గోడే.

మన చట్టాలు కూడా ఇదే చెప్పాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షను ప్రకారం విషవాయువు ఉండగల తొట్టిలోకి, గుంతలోకి మనిషిని పంపాలంటే, అర్హత ఉన్నవారు పరీక్షించి వాయువు లేదని రాతపూర్వకంగా ఇవ్వాలి. లేదా ఆ మనిషికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దానికి తాడు ఉండాలి, తాడు రెండో కొస బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. రసాయనాల పరిమితులు పాటించే బాధ్యత దానిలోనూ యాజమాన్యానిదే.

సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువల విషయంలో 2013 చట్టం ఇంకా గట్టిగా ఉంది. రక్షణ లేకుండా మనిషిని వాటిలోకి దించడం నేరం. మొదటిసారికి 2 సంవత్సరాల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మున్సిపాలిటీలకు, కాంట్రాక్టర్లకే కాదు, ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మురుగు పనిలో మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే ఎంత పరిహారమైనా పోయిన మనిషిని తీసుకురాదు.

ఎవరైనా లోపల పడిపోతే

అమెరికాలో నియాష్ 1986లో వెల్లడించిన ఒక విషయం గుర్తుంచుకోండి. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవారే. తోటివాని మీది ప్రేమే వాళ్లను లోపలికి దించింది. ఆ ప్రేమ మంచిదే, కాని దాని వెంట సిలిండరు, తాడు లేకపోతే రెండో ప్రాణం కూడా పోతుంది. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చూచి జాలిపడి ఊరుకోలేదు. అతని దగ్గర నూనె ఉంది, ద్రాక్షారసం ఉంది, మోసుకుపోవడానికి వాహనం ఉంది.

చేయవలసినవి:
• గట్టిగా కేకవేసి అందరినీ పిలవండి. వెంటనే 101కి, 108కి ఫోను చేసి "విషవాయువు, మనిషి లోపల ఉన్నాడు" అని చెప్పండి.
• నడుముకు తాడు కట్టి ఉంటే బయటినుంచే లాగండి.
• బ్లోయరు ఉంటే లోపలికి మంచి గాలి కొట్టండి.
• పైకి తెచ్చిన తరువాత ఆరుబయట గాలిలో పడుకోబెట్టండి. మురుగుతో తడిసిన బట్టలు తీసి, కళ్లు, ఒళ్లు నీళ్లతో కడగండి.
• ఊపిరి ఆగిపోతే ఛాతీని చేతులతో నొక్కుతూ ఉండండి. నోటిలో నోరు పెట్టి ఊదవద్దు. లోపలి విషం మీకు తగలవచ్చు.
• ఏ వాయువు పీల్చాడో, ఎంతసేపు ఉన్నాడో ఆసుపత్రిలో చెప్పండి.

చేయకూడనివి:
• శ్వాస పరికరం లేకుండా ఎవరూ దిగకూడదు. "ఊపిరి బిగబట్టి ఒక్క నిమిషంలో వస్తాను" అన్నవారిని పట్టుకుని ఆపండి.
• అగ్గిపుల్ల, బీడీ, దీపం వెలిగించవద్దు.
• స్పృహ వచ్చింది కదా అని ఇంటికి తీసుకుపోవద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒకటి రెండు రోజుల తరువాత కూడా జరగవచ్చు.

ఆసుపత్రిలో ముఖ్యమైన వైద్యం ఆక్సిజన్, ఊపిరికి యంత్ర సహాయం. ఈ విషానికి కచ్చితంగా పనిచేసే విరుగుడు మందు లేదు. బ్రతికి బయటపడినవారిలో కొందరికి మతిమరుపు, తలనొప్పి, నిద్రలేమి నెలల తరబడి ఉంటాయి. వారిని మళ్లీ డాక్టరుకు చూపించండి. లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయని ఎవరైనా అంటే, అది ఈ వాయువు కళ్లను దెబ్బతీసిన గుర్తు కావచ్చు.

పనికి ముందు ఒక్క ప్రశ్న

మిమ్మల్ని ఏ ట్యాంకులోకైనా, గుంతలోకైనా దిగమన్నప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "మీటరులో ఎంత చూపించింది?" పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా కొలిచి అంకె చెప్పాలి. ప్రాణవాయువు 19.5 శాతం కంటే తక్కువ ఉండకూడదని కూడా గుర్తుంచుకోండి. అంకె చెప్పలేకపోతే దిగకండి. "రోజూ దిగేవాళ్లమే, ఏం కాలేదు" అన్నది అంకె కాదు. మీరు యజమాని అయితే, మనిషిని పిలవడానికి బదులు ట్యాంకును యంత్రంతో తోడే బండిని పిలిపించండి.

ఈ పుస్తకం చదివిన తరువాత పక్కన పెట్టవద్దు. మీ వీధిలో మురుగు పని చేసేవారికి, చదవడం రానివారికి ఈ పేజీలు చదివి వినిపించండి.